చూపే వెలుగు, చంపే వెలుగు

కాంతిని మింగిన రంగు అణువు ఆ శక్తిని ఏం చేసుకుంటుంది? ఈ ఒక్క ప్రశ్న మీద రసాయనశాస్త్రంలో రెండు పెద్ద రంగాలు నిలబడి ఉన్నాయి. ఒకటి ప్రతిదీప్తి సెన్సర్లది. రక్తంలో సోడియం ఎంతుంది, కణంలో కాల్షియం ఎప్పుడు పెరిగింది, మెదడులో కణితి ఎక్కడిదాకా పాకింది అనే సంగతులను వెలిగి చెప్పే అణువులు ఈ కోవలోకి వస్తాయి. రెండోది కాంతితో క్యాన్సర్‌కు చేసే వైద్యం, ఫోటోడైనమిక్ థెరపీ. డాక్టర్లు పొట్టిగా పీడీటీ అంటారు. ఈ రెండింటి మీదా ఒకే శాస్త్రవేత్త పరిశోధన చేస్తున్నారంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టారేమో అనిపిస్తుంది. అదేం లేదు. ఒకే అణువు ముందున్న రెండు దారులివి. వాటి మధ్య చుట్టరికం ఏమిటో, నూట యాభై ఏళ్లకు పైబడిన కృషి ఎక్కడిదాకా వచ్చిందో, అందులో మనకు పనికొచ్చేది ఎంతో చూద్దాం.

చిటికెడు పసుపును కాస్త స్పిరిట్‌లో కలిపి, పైన తేరిన తేటను గాజు గ్లాసులో పోయండి. కొట్లలో దొంగనోట్లు పట్టడానికి వాడే ఊదారంగు దీపం కింద పెట్టండి. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో అది మెరుస్తుంది. దీపం పంపే అతినీలలోహిత కాంతి మన కంటికి ఆనదు. పసుపులోని కర్‌క్యుమిన్ దాన్ని మింగి, కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని మనం చూడగలిగే వెలుగుగా విడిచిపెడుతుంది. క్వినైన్ ద్రావణం ఇలాగే నీలంగా మెరవడాన్ని పరీక్షించిన జార్జ్ స్టోక్స్ 1852లో దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. 1871లో అడాల్ఫ్ వాన్ బేయర్ ప్రయోగశాలలో ఫ్లోరెసీన్ తయారు చేశాడు. కంట్లో నలుసు పడి గీరుకుందని వెళితే కంటి డాక్టరు వేసే పసుపుపచ్చని చుక్కలో ఇప్పటికీ ఉండేది ఆ రంగే.

కాంతిని మింగిన అణువు ఉత్తేజిత స్థితిలో నిలిచేది సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని మాత్రమే. ఆ వ్యవధిలో దాని ముందు మూడు దారులుంటాయి. వెలుగును తిరిగి విడవవచ్చు. వేడిగా మారిపోవచ్చు. లేదా ఒక ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడి ట్రిప్లెట్ అనే స్థితిలోకి జారవచ్చు. ట్రిప్లెట్ ఆయుష్షు మొదటి స్థితికి వెయ్యి రెట్లో, అంతకు మించో ఉంటుంది. ఆ సమయంలో దానికి ఆక్సిజన్ ఎదురైతే కథ మారిపోతుంది. మనం పీల్చే ఆక్సిజన్ పుట్టుకతోనే ట్రిప్లెట్ స్థితిలో ఉండే అరుదైన అణువు. అందుకే రెండింటి మధ్య శక్తి సులువుగా చేతులు మారుతుంది. రంగు అణువు చల్లబడి యథాస్థితికి వస్తుంది, ఆక్సిజన్ మాత్రం రెచ్చిపోయి సింగ్లెట్ ఆక్సిజన్ అవుతుంది. అది కొవ్వు పొరలనూ ప్రొటీన్లనూ తగిలినచోటల్లా ఆక్సీకరించేస్తుంది. కణంలో దాని బతుకు మైక్రోసెకన్ల లెక్క, ప్రయాణం నానోమీటర్లలో పదులు, మహా అయితే వందలు. మన కణం అడ్డంగా పదివేల నానోమీటర్ల పైచిలుకు. అంటే పుట్టిన కణం దాటి పక్క కణానికి పోయేలోపే దాని పని ముగుస్తుంది. పీడీటీ మీద ఇన్నాళ్లుగా ఇంత ఆశ పెట్టుకోవడానికి మూలం ఇక్కడే ఉంది. మందుగా ఇచ్చిన రంగు ఒళ్లంతా పాకినా, దీపం పడినచోటే అది విషమవుతుంది.

శక్తి ఒక్కటే, దారులు మూడు. వెలుగుగా ఎక్కువ పోతే ఆక్సిజన్‌కు మిగిలేది తక్కువ. అణువుకు బ్రోమిన్, అయోడిన్ లాంటి బరువైన పరమాణువులు తగిలిస్తే స్పిన్ తిరగబడడం సులువవుతుంది, వెలుగు తగ్గి సింగ్లెట్ ఆక్సిజన్ పెరుగుతుంది. సెన్సర్ చేసేవారు భయపడే మార్పునే వైద్యం వైపు పనిచేసేవారు ఏరికోరి చేస్తారు. ఈ రంగంలో ఏ పరిశోధన పత్రాన్ని చదివినా లోపల నడిచే బేరం ఇదే.

సెన్సర్ల కథ 1867లో మొదలైంది. మోరిన్ అనే మొక్కల రంగు అల్యూమినియం తగిలితే వెలుగుతుందని గొపెల్స్‌రోడర్ అప్పుడే చూపించాడు. కానీ ఏ అణువు ఎందుకు వెలుగుతుందో తెలిసి, కావలసినట్టు కట్టడం వచ్చింది మాత్రం 1980ల్లోనే. రోజర్ షెన్ 1980లో కాల్షియాన్ని మాత్రమే పట్టుకునే బాప్టా అనే అణువును రూపొందించాడు. 1985లో ఆయన బృందం ఇచ్చిన ఫ్యూరా-2 ఆ పట్టుకు వెలుగును జోడించింది. బతికున్న కణంలో కాల్షియం ఎగసిపడడాన్ని కళ్లతో చూసే వీలు కలిగింది. 2008లో షెన్‌కు నోబెల్ వచ్చింది, అది ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రొటీన్ కృషికి. జీవశాస్త్రవేత్తల బల్లల మీద ఎక్కువగా కనిపించిన చిన్న అణువు మాత్రం ఫ్యూరా కుటుంబానిదే.

ఈ రంగానికి వ్యాకరణం రాసిన మనిషి మన పొరుగువాడు. కొలంబోలో పుట్టి, తరువాత బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ప్రసన్న డిసిల్వా 1985 నుంచి ఒక పద్ధతిని తీర్చిదిద్దాడు. వెలిగే భాగం ఒకటి, పట్టుకునే భాగం ఒకటి, రెంటి మధ్య చిన్న వంతెన. పట్టుకునే భాగంలోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను వంతెన మీదుగా అందిస్తున్నంతసేపూ వెలుగు ఆరిపోయి ఉంటుంది. సోడియం అయానో ఆమ్లమో వచ్చి ఆ నైట్రోజన్‌కు అతుక్కోగానే ఎలక్ట్రాన్ రాకడ ఆగి అణువు వెలుగుతుంది. ఈ సూత్రం కాగితం మీదే ఆగిపోలేదు. అత్యవసర వార్డుల్లో రక్తంలోని సోడియం, పొటాషియం, కాల్షియాలను క్షణాల్లో చెప్పే పరికరాల్లోకి వెళ్లింది. 1993లో డిసిల్వా బృందం నేచర్ పత్రికలో మరో అడుగు చూపించింది. సోడియం, ఆమ్లం రెండూ ఉంటేనే వెలిగే అణువు. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, అణువుతో చేసిన ఆండ్ గేటు.

ఇక రెండో దారి. కాంతిని వైద్యంగా వాడడం మనకు కొత్త కాదు. బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టి బొల్లికి చికిత్స చేయడం మన వైద్యంలో ఎప్పటినుంచో ఉంది. అందులో పనిచేసేది సోరలిన్. అయితే అది ఆక్సిజన్ అవసరం లేకుండా నేరుగా డీఎన్ఏకు అంటుకుంటుంది కాబట్టి దాని దారి వేరు. ఆక్సిజన్ దారి బయటపడింది మ్యూనిక్‌లో. హెర్మన్ వాన్ టాపైనర్ దగ్గర చదువుకుంటున్న ఆస్కర్ రాబ్ అక్రిడిన్ రంగు ఏకకణ జీవులను ఎంత సేపట్లో చంపుతుందో కొలుస్తుంటే, ఒకే మోతాదుకు ఒక్కో రోజు ఒక్కో ఫలితం వచ్చింది. మబ్బు పట్టిన రోజున జీవులు ఎక్కువసేపు బతికాయని గమనించి, చంపుతున్నది రంగు ఒక్కటే కాదు, రంగూ వెలుగూ కలిసి అని 1900లో ప్రకటించాడు. మరో మూడేళ్లకు టాపైనర్ బృందం చర్మం మీది కణితులకు ఇయోసిన్ పూసి వెలుగు చూపించింది. ఫోటోడైనమిక్ అన్న పేరు పెట్టిందీ ఆయనే.

1912లో ఫ్రీడ్రిక్ మేయర్-బెట్జ్ అనే జర్మన్ వైద్యుడు రక్తవర్ణకం నుంచి తీసిన హెమటోపార్ఫిరిన్‌ను 200 మిల్లీగ్రాములు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఎండ తగిలేసరికి ముఖం, చేతులు విపరీతంగా వాచిపోయాయి. ఎండంటే పడకపోవడం రెండు నెలలదాకా వదల్లేదు. ఈ మందుల పెద్ద దుష్ఫలితం ఏమిటో, కణితి మీదికి గురి పెట్టకపోతే ఏమవుతుందో ఒక మనిషి తన చర్మం మీద రాసి చూపించాడు. వందేళ్లు దాటినా ఆ చిక్కు పూర్తిగా విడిపోలేదు. ఫోటోఫ్రిన్ అనే పీడీటీ మందు తీసుకున్న రోగి ఈనాటికీ కనీసం నెల రోజులు ఎండ కన్నెరగకుండా గడపాలి.

ఆ ఫోటోఫ్రిన్ దాకా తీసుకొచ్చింది అమెరికాలోని బఫెలో నగరంలో, రోజ్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో పనిచేసిన థామస్ డోహర్టీ. ఆయన వృత్తి వైద్యం కాదు, రసాయనశాస్త్రం. ఏ కణాలు బతికున్నాయో చూడడానికి ఫ్లోరెసీన్ తరహా వెలిగే రంగు వాడుతుండగా, వెలుతురులో ఉంచిన కణాలు చచ్చిపోతున్నాయని ఆయన కంటపడింది. చూపించడానికి వేసిన రంగే చంపుతోంది. సెన్సరుకూ చికిత్సకూ ఉన్న చుట్టరికం ఇంతకంటే సూటిగా ఎక్కడా బయటపడలేదు. ఇంకొకరైతే ఆ రంగు పనికిరాదని పారేసి మరోటి వెతుక్కునేవారు. డోహర్టీ దాని వెంటే పడ్డాడు. తరువాత హెమటోపార్ఫిరిన్ తరహా మందుకు మారి, 1978లో 25 మంది రోగుల్లో, చర్మం మీదా చర్మం కిందా ఉన్న 113 కణితులకు చికిత్స చేస్తే 111 పూర్తిగానో కొంతవరకో తగ్గాయని ప్రకటించాడు. 1993లో కెనడా, 1995లో అమెరికా ఫోటోఫ్రిన్‌కు అనుమతి ఇచ్చాయి.

రెండు దారులనూ ఒకే అణువుతో నడిపించిన గొప్ప ఉదాహరణ మన ఒంట్లోనే ఉంది. రక్తానికి ఎర్రరంగునిచ్చే హీమ్ తయారీలో మొదటి మెట్లలో ఒకటైన 5-అమైనోలెవులినిక్ ఆమ్లాన్ని, అంటే ఏఎల్ఏను, బయటినుంచి ఎక్కువగా ఇస్తే కణం దాన్ని ప్రొటోపార్ఫిరిన్‌గా మార్చుకుంటుంది. చాలా క్యాన్సర్ కణాల్లో అది మామూలు కణాల్లోకంటే ఎక్కువగా పేరుకుంటుంది. కెనడాలో కెనెడీ, పోటియర్ అనే ఇద్దరు 1990లో దీన్ని చర్మానికి పూసి చికిత్సగా చూపించారు. అదే పదార్థం నీలికాంతి కింద ఎర్రగా వెలుగుతుంది. మెదడు ఆపరేషన్‌కు ముందు రోగి చేత ఏఎల్ఏ తాగించి, గదిలో దీపాలు తగ్గించి నీలికాంతి వేస్తే, తెల్లని వెలుతురులో మంచి భాగంలాగే కనిపించిన చోట కణితి ఎర్రగా బయటపడుతుంది. 2006లో వచ్చిన జర్మనీ పరీక్షలో, ఈ పద్ధతిలో కణితిని పూర్తిగా తీసేయగలిగింది 65 శాతం మందిలో. మామూలు దీపంతో 36 శాతమే. ఆరు నెలలదాకా జబ్బు ముదరకుండా ఉన్నవారు దాదాపు రెట్టింపు. అయితే ఆ పరీక్షలో మొత్తం ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ సంగతి చెప్పకుండా మొదటి రెండు అంకెలే చెప్పడం రోగులకు అన్యాయం చేయడమే.

మన దేశంలో ఈ రెండు దారులూ ఒకే ప్రయోగశాలలో ఎలా నడిచాయో చూడాలంటే తిరువనంతపురం వెళ్లాలి. ఇప్పుడు నిస్ట్ అని పిలుస్తున్న అక్కడి జాతీయ పరిశోధనాలయంలో ఎం.వి. జార్జ్ నాటిన ఫోటోకెమిస్ట్రీ శాఖ నుంచి ఒక తరం శాస్త్రవేత్తలు వచ్చారు. వారిలో డి. రామయ్య పని ఈ వ్యాసానికి సరిగ్గా సరిపోతుంది. ఆయన ఎంచుకున్నది స్క్వరైన్ రంగులు. నలుచదరపు కార్బన్ వలయానికి రెండు పక్కలా వలయాలు తగిలిన ఈ అణువులు ఎరుపు వైపు కాంతిని గట్టిగా మింగుతాయి. 1997లో రామయ్య బృందం వీటికి బ్రోమిన్, అయోడిన్ తగిలించి, సింగ్లెట్ ఆక్సిజన్ ఎంత పుడుతుందో కొలిచింది. బరువైన అయోడిన్ ఉన్నదే ముందు నిలిచింది. 2008లో ఆ అయోడిన్ స్క్వరైన్‌ను కేరళ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి చర్మ క్యాన్సర్ ఉన్న ఎలుకల మీద పరీక్షించారు. ఇదంతా వైద్యం దారి.

సెన్సర్ల దారిలో అదే బృందం 2006లో చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. జీటీపీ, ఏటీపీ కణంలో పక్కపక్కనే ఉండే శక్తి అణువులు, చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. రామయ్య బృందం గుహలాంటి సైక్లోఫేన్ అణువును కట్టి, అందులో ఆకుపచ్చగా వెలిగే ఒక రంగును బంధించింది. బంధించినంతసేపూ దాని వెలుగు ఆరిపోయి ఉంటుంది. జీటీపీ వచ్చి ఆ చోటు ఆక్రమిస్తే రంగు బయటికి నెట్టుకుపోయి వెలుగుతుంది. ఏటీపీ అంత గట్టిగా నెట్టలేదు. నీళ్లలో, ఇంత దగ్గరి పోలికలున్న రెండు అణువులను విడదీసి చెప్పడం చిన్న విషయం కాదు. మరో రకం స్క్వరైన్‌తో ఇదే బృందం రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌ను కూడా గుర్తించింది. కొద్దిపాటి మార్పులతో ఒకే కుటుంబం చూపేదీ అయింది, చంపేదీ అయింది.

ఈ రెండింటినీ కలిపి కట్టిన సాహసం టర్కీ నుంచి వచ్చింది. అంకారాలోని బిల్‌కెంట్ విశ్వవిద్యాలయంలో ఎంగిన్ అక్కాయా, 2009లో తన విద్యార్థితో కలిసి, డిసిల్వా ఆండ్ గేటును వైద్యం దారికి మళ్లించాడు. బోడిపీ అనే రంగుకు అయోడిన్ తగిలించి, సోడియం, ఆమ్లం రెండూ ఉన్నచోటే సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టేలా మలిచాడు. కణితి పరిసరాలు పుల్లగా ఉంటాయి కాబట్టి అణువు తానే చోటు గుర్తుపట్టి, అక్కడే పనిచేయాలన్నది ఆలోచన. 2016లో అక్కాయా బృందం మరో ఉపాయం చూపించింది. వెలుగున్నప్పుడు పుట్టిన సింగ్లెట్ ఆక్సిజన్‌లో కొంత పిరిడోన్ అనే భాగంలో దాచుకుని, దీపం ఆర్పాక చీకట్లో నెమ్మదిగా విడిచిపెట్టే అణువు. దీపం వేసి ఉంచితే కణితిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది కనుక, ఆపి ఆపి వెలుగు ఇవ్వడం మేలని డాక్టర్లకు తెలుసు. ఆ ఖాళీ సమయాన్ని కూడా ఈ అణువు వాడుకుంటుంది.

ఊహలుగా ఇవి చాలా అందమైనవి. నా అభిప్రాయంలో ఈ రంగం తన శక్తిని ఎక్కువగా వెచ్చించింది కూడా ఇలాంటి ఊహల మీదే. ఆండ్ గేటు తన సత్తా చూపింది పరీక్షనాళికలో, రోగి ఒంట్లో కాదు. ఏటా కొత్త సెన్సర్లు, కొత్త రంగులు పత్రికల నిండా వస్తూనే ఉన్నాయి. ఆసుపత్రిదాకా చేరినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కారణం అణువుల కొరత కాదు.

ఫోన్ టార్చి వెలిగించి దాని మీద వేలు ఆనించి చూడండి. లోపలికి పోయింది తెల్లని వెలుగు, ఇటు వచ్చింది ఎరుపు మాత్రమే. మిగతా రంగులన్నీ రక్తం మింగేసింది. 630 నానోమీటర్ల ఎర్రని కాంతి కూడా కండలో కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటరు లోతు దాటి పనిచేయదు. అందుకని ఇంకా పొడవైన తరంగాలవైపు వెళదామంటే మరో గోడ అడ్డుపడుతుంది. ఆక్సిజన్‌ను సింగ్లెట్‌గా మార్చడానికి మోల్‌కు 94 కిలోజౌళ్ల శక్తి కావాలి. దారిలో జరిగే నష్టాలు కలుపుకుంటే, 800 నానోమీటర్లు దాటిన కాంతిలో ఆ శక్తి మిగలడం కష్టం. ఇటు రక్తం, అటు శక్తి లెక్క. మధ్యలో ఉన్న సన్నని సందులోనే రసాయన శాస్త్రవేత్తలు మసలుకోవాలి. దీనికి తోడు పెద్ద కణితుల నడిమి భాగంలో ఆక్సిజనే తక్కువ. అంటే ఆయుధానికి మందుగుండు లేనిచోటే శత్రువు బలంగా ఉంటాడు. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌కు ఒకచోట వేసే దీపం ఎలాగూ చాలదు.

హద్దులు ఒప్పుకుని పనిచేసినచోట ఫలితాలు వచ్చాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ బ్యాక్టీరియాల పత్రహరితం నుంచి రూపొందించిన పాడెలిపార్ఫిన్‌ను రక్తనాళాల్లోకి ఎక్కించి, సన్నని ఫైబర్లతో ప్రోస్టేట్ లోపలే 753 నానోమీటర్ల కాంతి వేస్తారు. 413 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద జరిగిన పరీక్షలో రెండేళ్లకు జబ్బు ముదిరింది చికిత్స పొందినవారిలో 28 శాతంలో, కేవలం కనిపెట్టి చూసినవారిలో 58 శాతంలో. యూరప్ 2017లో ఒప్పుకుంది, అమెరికాలో నిపుణుల సలహా సంఘం 2020లో ఒప్పుకోలేదు. అదే ఏడు జపాన్ మరో పద్ధతికి తలుపు తీసింది. హిసటాకా కొబయాషి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో రూపొందించిన ఈ చికిత్సలో, క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి ఐఆర్700 అనే రంగును అతికించి, 690 నానోమీటర్ల కాంతి వేస్తారు. తల, మెడ క్యాన్సర్లకు ఇది అక్కడ వాడుకలో ఉంది. ఆ ఐఆర్700 మొదట ప్రతిదీప్తితో చూడడానికి చేసిన రంగే.

మనకు పనికొచ్చేది ఎక్కడుందో ఈ హద్దులే చెబుతున్నాయి. కాంతి అందే చోటు, పలుచని పుండు, తొందరగా కనిపెట్టగల జబ్బు. ఈ మూడూ కలిసేది నోటి క్యాన్సర్‌లో. అలీగఢ్ వైద్య కళాశాలలో అమెరికన్ శాస్త్రవేత్తలతో కలిసి, బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ దీపంతో, ఏఎల్ఏ తాగించి తొలిదశ నోటి క్యాన్సర్‌కు చికిత్స చేశారు. పుండు ఎక్కడిదాకా ఉందో చూడడానికి ఫోన్ కెమెరా వాడారు. రోగుల సంఖ్య సుమారు 30. పెద్ద పరీక్ష కాదు, కానీ ఖరీదైన లేజర్ లేకుండా ఈ వైద్యం సాధ్యమని చూపించింది.

ఉత్తరాంధ్రలో దీని అవసరం ఇంకా స్పష్టం. శ్రీకాకుళం, విశాఖ తీరాన అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూసినవారికి తెలుసు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు వల్ల అంగిలి తెల్లబారి, మచ్చలు తేలి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుందని 1960లు, 70ల నుంచే మన డాక్టర్లు, విదేశీ పరిశోధకులు రాస్తూ వచ్చారు. అంగిలి నోరు తెరిస్తే కనిపించే చోటు. నీలికాంతి వేసి చూడడానికీ, ఎర్రకాంతి వేసి చికిత్స చేయడానికీ ఇంతకంటే అనువైన చోటు ఒంట్లో తక్కువే. కోత లేదు, మాట పోదు, తిండి తినడం మానక్కర్లేదు. అవసరమైతే మళ్లీ చేయవచ్చు. అయితే క్యాన్సర్ లోతుకు దిగాక ఇది చాలదు, ఆపరేషనే దారి. చుట్ట మానడానికి కూడా ఏ దీపమూ బదులు రాదు.

పార్ఫిరిన్లు, థాలోసయనిన్‌ల మీద హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్తలున్నారు. విశాఖలో, హైదరాబాద్‌లో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. దంత వైద్య విద్యార్థులూ ఉన్నారు. కావలసిందల్లా వీరిని ఒక బల్ల ముందు కూర్చోబెట్టే పూనిక. రసాయన శాస్త్రవేత్తలకు నా విన్నపం ఒక్కటే. తరువాతి అణువు మొదలుపెట్టేముందు ఒకసారి నోటి క్యాన్సర్ వార్డుకు వెళ్లి, అక్కడి డాక్టరును ఏ రంగు, ఎంత లోతు, ఎన్ని నిమిషాలు కావాలో అడగండి. నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలు కూడా కొత్త పత్రాల సంఖ్యతోపాటు, ఆ అణువుతో ఎంతమంది రోగులను పరీక్షించారో అడగడం మొదలుపెట్టాలి.